తిరిగినంతకే కడదామంటే ఎందుకు భయం?

2025 జూన్ 26న కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. జులై 15 నుంచి నేషనల్ హైవేలపై బైకులకు కూడా టోల్ కట్టాలట! ఒకరు పెట్టడం, పది మంది ఫార్వర్డ్ చేయడం. అదే రోజు కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఎక్స్‌లో వివరణ ఇచ్చారు. అలాంటి నిర్ణయం ఏదీ తీసుకోలేదని, టూవీలర్లకు మినహాయింపు కొనసాగుతుందని చెప్పారు. గొడవ చల్లారింది. అంతకు రెండు నెలల ముందు ఇంకో పుకారు నడిచింది. మే 1 నుంచి ఫాస్టాగ్ ఉండదు, శాటిలైట్ మన బండిని చూసి ఎంత దూరం తిరిగితే అంతకు డబ్బు కోసేస్తుంది అని. దానికీ కేంద్రం అలాంటి నిర్ణయం లేదని చెప్పాల్సి వచ్చింది.

రెండు పుకార్లూ అబద్ధాలే. జనం స్పందన మాత్రం నిజం. 'ఎంత తిరిగితే అంత కట్టు' అనే మాట వినగానే మనలో చాలామందికి ముందు కోపం వస్తుంది, లెక్క తర్వాత. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఈ సబ్జెక్టు మీద ఒక గంట పెట్టడం దండగ కాదు. జీడీలో ఎప్పుడైనా తగలొచ్చు, గ్రూప్స్ వ్యాసంలోనూ పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రేపు మీకొచ్చే మొదటి జీతంలో కొంత ఈ లెక్కలోనే కరిగిపోతుంది.

బేగంపేట రోడ్డు మీద అన్ని లెక్కలూ ఉన్నాయి

ప్యారడైజ్ నుంచి రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్ మీదుగా గ్రీన్‌ల్యాండ్స్ వైపు వెళ్లే బేగంపేట రోడ్డును ఉదయం తొమ్మిదిన్నరకు ఒకసారి గమనించండి. కిలోమీటరుకు డబ్బు తీసుకోవడంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ అక్కడే కనిపిస్తాయి.

పైన మెట్రో వెళ్తుంటుంది. అది దూరాన్ని బట్టి ఛార్జీ. ఎవరికీ అభ్యంతరం లేదు. రెండు స్టేషన్లు వెళ్లినవాడూ, నాగోలు నుంచి రాయదుర్గం దాకా వెళ్లినవాడూ ఒకే టికెట్ కొనాలంటేనే వింతగా అనిపిస్తుంది. కానీ 2025 మే 17న కనిష్ఠ ఛార్జీని 10 నుంచి 12కు, గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75కు పెంచినప్పుడు ఎంత వ్యతిరేకత వచ్చిందంటే వారం తిరిగేలోపు పది శాతం తగ్గించాల్సి వచ్చింది. జనం కొట్లాడింది దూరం లెక్క మీద కాదు, పెంపు మీద. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

కింద ఆర్టీసీ బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద అమ్మాయిలకు, మహిళలకు ఎంత దూరమైనా సున్నా. పక్కన ఆటో. మీటరు ఉంటుంది, తిరగదు. 'అన్నా, మీటర్ వేస్తవా?' అంటే నవ్వే సమాధానం. ఆ వెనక క్యాబ్. కిలోమీటరు రేటు యాప్ నిర్ణయిస్తుంది, వర్షం పడితే అదే దూరానికి ఇంకో రేటు. ఆ పక్క కారు. బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కినందుకు, దిగినందుకు, సిగ్నల్ దగ్గర పావుగంట ఆగినందుకు ఆయన ప్రత్యేకంగా కట్టేదేమీ లేదు. దాని పక్క నుంచి చప్పుడు లేకుండా జారుకునే ఎలక్ట్రిక్ స్కూటర్, పెట్రోల్ పన్ను కూడా కట్టదు.

ఒకే రోడ్డు, ఒకే దూరం, ఆరు రకాల లెక్కలు. వీటిలో ఏది న్యాయం అని అడిగితే, మీరు ఏ బండి మీద ఉన్నారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. జీడీలో పది మంది పది రకాలుగా మాట్లాడేది అందుకే.

మనం కట్టడం లేదని ఎవరన్నారు?

'దూరానికి డబ్బు' అంటే ఏదో కొత్త బాదుడు అన్నట్టు మాట్లాడతాం గానీ, ఇప్పటికే కడుతున్నాం. కనబడకుండా కడుతున్నాం, అంతే.

2025లో హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైమాటే. అందులో కేంద్ర ఎక్సైజ్ సుంకం దాదాపు 22 రూపాయలు. ఆపైన రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం. రెండూ కలిపితే లీటరుకు యాభై రూపాయల దగ్గరికొస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు కిలోమీటరుకు మూడు రూపాయల పైన పన్ను కడుతోందన్నమాట. 45 ఇచ్చే స్కూటర్ రూపాయి పైచిలుకు. బంకులో 'జీరో చూసుకోండి సార్' అన్నప్పుడు మనం చూసేది మొత్తం బిల్లు, పన్ను కాదు. అందుకే దీనిమీద రోజూ గొడవ జరగదు. బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ సంగతి వేరు. అది ఒక్కసారే. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిప్పే రిటైర్డ్ ఉద్యోగికీ, ముప్పై వేలు తిప్పే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కీ అదే బండికి అదే పన్ను.

ఇక ఎలక్ట్రిక్ బండ్లు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో వీటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 వరకు ఆ వెసులుబాటు. ఢిల్లీ లాంటి గాలి మనకు వద్దనుకుంటే ఇది మంచి పనే. కానీ రోడ్డుకు తెలియదు కదా, తన మీద వెళ్లేది పెట్రోలు బండా, బ్యాటరీ బండా అని! గుంత పడితే ఇద్దరికీ గుంతే. పెట్రోలు అమ్మకం తగ్గేకొద్దీ ఆ పన్ను ఎక్కడి నుంచి రావాలన్నది ప్రపంచంలో అన్ని ఆర్థిక శాఖలకూ ఉన్న తలనొప్పి.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 1919లోనే రోడ్ల కోసం పెట్రోలు మీద పన్ను వేసింది, ఆ దేశంలో అదే మొదలు. తమాషా ఏమిటంటే, ఆ పన్ను ఇక పనిచేయదని ముందుగా తేల్చుకున్నదీ వాళ్లే. 2015 జులై నుంచి ఇష్టమైనవాళ్లు మైలుకు ఇంత అని కట్టే పద్ధతి పెట్టారు, కట్టినవాళ్లకు పెట్రోలు పన్ను లెక్కలో సర్దుబాటు చేస్తారు. ఐస్‌లాండ్ 2024 జనవరి నుంచి ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరుకు ఆరు క్రోనర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. బ్రిటన్ 2025 నవంబరు బడ్జెట్‌లో, 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లు మైలుకు మూడు పెన్నీలు కట్టాలని ప్రకటించింది. మన దగ్గరికి ఈ చర్చ ఇంకా పూర్తిగా రాలేదు. వస్తుంది.

ఓఆర్‌ఆర్ మీద ఎవరూ అడగని ప్రశ్న

దూరం లెక్కన ఛార్జీకి మనవాళ్లు ఒప్పుకోరు అనేవాళ్లకు చూపించాల్సింది ఔటర్ రింగ్ రోడ్డును. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌లో ఎక్కినచోట ఒక గేటు, దిగినచోట ఒక గేటు. మధ్యలో ఎంత తిరిగితే అంతకే టోల్. 2025 ఏప్రిల్ 1న రేటు మారినప్పుడు కార్లకు కిలోమీటరుకు 2.34 నుంచి 2.44 రూపాయలైంది. ముప్పై కిలోమీటర్లు వెళ్తే డెబ్బై మూడు రూపాయల చిల్లర. ఏ ప్రైవసీ చర్చా లేకుండా, ఏ శాటిలైటూ లేకుండా జనం ఏళ్ల తరబడి ఇలాగే కడుతున్నారు.

నేషనల్ హైవే సంగతి వేరుగా ఉంటుంది. అక్కడ మామూలుగా ఒకే దారిలో 60 కిలోమీటర్లకు ఒక ప్లాజా అన్నది నిబంధన. ప్లాజా పరిధిలోని రోడ్డు మొత్తానికీ టోల్ కడతాం. పంతంగి గేటు దాటి పది కిలోమీటర్లలో దిగిపోయేవాడికీ, చివరిదాకా వెళ్లేవాడికీ ఒకే రేటు. గేటుకు ఇవతల ఎక్కి ఇవతలే దిగిపోతే సున్నా. చుట్టుపక్కల 20 కిలోమీటర్లలో ఉండేవాళ్లకు నెలవారీ పాసు ఉంది. అయినా గేట్ల దగ్గర లోకల్ బండ్ల గొడవలు మామూలే. సంక్రాంతికి విజయవాడ హైవేలో పంతంగి దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో లేకుండా మన పేపర్లు ఏ ఏడాదీ రాలేదు!

ఈ చిక్కు తీర్చడానికే 2024 సెప్టెంబరులో కేంద్రం 2008 నాటి ఫీజు నిబంధనలను సవరించింది. శాటిలైట్ ఆధారిత పరికరం ఉన్న బండి రోజుకు ఒక్కో దిశలో 20 కిలోమీటర్ల వరకు ఏమీ కట్టక్కర్లేదు, ఆపైన తిరిగినంతకే. బెంగళూరు–మైసూరు, పానిపట్–హిస్సార్ రహదారులపై ప్రయోగాలు జరిగాయి. ప్రైవసీ, భద్రతల ప్రశ్నలు వచ్చాయి, వేగం తగ్గింది. ఇప్పుడు అడుగులు పడుతున్నది గేటు లేకుండా, నంబర్ ప్లేటును కెమెరా చదివి ఫాస్టాగ్ నుంచి డబ్బు తీసుకునే పద్ధతి వైపు. మొదటి ఒప్పందం 2025 ఆగస్టులో గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజాకు కుదిరింది.

సరిగ్గా అదే నెలలో ఇంకో పని జరిగింది. ఆగస్టు 15 నుంచి ప్రైవేటు కార్లకు 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ ధరకు ట్రిప్పుకు పదిహేను రూపాయలు పడేది. ఓఆర్‌ఆర్ రాష్ట్రానిది కాబట్టి అక్కడ చెల్లదు. ఈ పాసు జనానికి బాగా నచ్చింది. కానీ ఆలోచించండి: ఇది 'తిరిగినంతకే కట్టు'కు సరిగ్గా వ్యతిరేకం. ఎంత ఎక్కువ తిరిగితే అంత చవక. మన జనానికి న్యాయమైన మీటరు కన్నా, ఇక అడగరు అనే భరోసా ఎక్కువ ఇష్టం. అన్‌లిమిటెడ్ డేటా ప్యాక్ లాగా. నెలకు ఎంత డేటా వాడతామో తెలియకపోయినా అన్‌లిమిటెడ్ వేసుకుంటాం కదా, అదే బుద్ధి. పాలసీలు రాసేవాళ్లు ఈ సంగతిని తక్కువ అంచనా వేస్తారని నా అనుమానం.

భయం దేని మీద?

మీ ఫ్రెండ్స్‌లో ఓ పది మందిని అడిగి చూడండి. ముందుగా వచ్చే మాట, 'లైఫ్ ట్యాక్స్ కట్టా, పెట్రోల్ మీద కడుతున్నా, టోల్ కడుతున్నా, మళ్లీ ఇదొకటా?' ఇది పిసినారి మాట కాదు. పాతది తీసేసి కొత్తది పెడతారన్న నమ్మకం లేకపోవడం. నా దృష్టిలో అన్ని అభ్యంతరాల్లోకీ బలమైనది ఇదే. వసూలు చేసిన డబ్బు ఎటు పోతుందన్నదీ దీనికి తోడవుతుంది. ఓఆర్‌ఆర్‌నే తీసుకోండి. 2023లో దాన్ని 30 ఏళ్ల లీజుకు ఐఆర్‌బీ సంస్థకు 7,380 కోట్ల రూపాయలకు ఇచ్చారు. ధర సరిపోయిందా లేదా అని అప్పటి నుంచీ రాజకీయ యుద్ధమే. 2024 డిసెంబరులో శాసనసభలో సిట్ విచారణ ప్రకటించేదాకా వెళ్లింది. రింగ్ రోడ్డు మీద టోల్ కట్టేవాడు ఆ డబ్బు ఏ రోడ్డుకు ఖర్చవుతుందో తెలుసుకోవాలనుకోవడంలో తప్పేముంది?

రెండోది మీటరు మీద అపనమ్మకం. దీన్ని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆటో మీటరు, కరెంటు మీటరు, బంకు మీటరు... సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి వెళ్తే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి 'మీటర్ తిప్పారా చూడన్నా' అంటాం. అలాంటి ఊళ్లో కిలోమీటర్లు లెక్కపెట్టే పెట్టె బండిలో పెడతామంటే ఎవరికైనా గుబులే. ఆగి ఉన్న బండికి ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అయిందన్న ఫిర్యాదులు మీరూ వినే ఉంటారు. అలాంటి ఒక్క ఫిర్యాదుకు ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి వస్తుందన్నదాని మీద జనాభిప్రాయం ఎంత ఆధారపడి ఉంటుందో!

ఇక ప్రైవసీ. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. బండి ఎక్కడికి వెళ్లిందో తెలిస్తే మనిషి ఏ ఆస్పత్రికి, ఏ మీటింగుకు, ఎవరింటికి వెళ్లాడో తెలిసినట్టే. అయితే ఇక్కడ ఒక చిన్న చిలిపి ప్రశ్న. ఫుడ్ యాప్‌కు, క్యాబ్ యాప్‌కు, మ్యాప్‌కు 24 గంటలూ లొకేషన్ ఇచ్చేసే మనం ప్రభుత్వానికి మాత్రం ఇవ్వమనడం ఏమిటి? యాప్ జరిమానా వేయదు, పోలీసులకు చెప్పదు అన్న ధైర్యం కాబోలు. జీడీలో ఈ పాయింటు తీసి చూడండి, హాలు వేడెక్కుతుంది.

దూరం కొలవాలంటే దారి చూడక్కర్లేదు అన్నది మాత్రం చాలామందికి తట్టదు. న్యూజీలాండ్‌లో 1978 నుంచి డీజిల్ బండ్ల వాళ్లు కిలోమీటర్లు ముందుగా కొనుక్కుంటారు, వెయ్యేసి చొప్పున. మన ప్రీపెయిడ్ రీచార్జ్ లాగే. అద్దం మీద లేబుల్ ఉంటుంది, ఓడోమీటర్ ఆ అంకె దాటకముందే మళ్లీ కొనాలి. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లనూ ఇందులోకి తెచ్చారు, వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. బండి ఎక్కడ తిరిగిందో ప్రభుత్వానికి తెలియదు, ఎంత తిరిగిందో తెలుసు. అయితే ఓడోమీటర్‌కు సిగ్నల్ దగ్గర నిలబడటం తెలియదు. బేగంపేటలో సాయంత్రం ఆరింటికి తిరిగిన కిలోమీటరూ, తెల్లవారుజామున నాలుగింటికి తిరిగిన కిలోమీటరూ దానికి ఒకటే. రద్దీని తగ్గించాలంటే ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియాలి. అక్కడే ప్రైవసీ మళ్లీ తలుపు తడుతుంది.

స్టాక్‌హోమ్ కథ, బ్రిటన్ కథ

జనాభిప్రాయం మారదని ఎవరైనా అంటే స్వీడన్ రాజధాని గురించి చెప్పండి. 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు స్టాక్‌హోమ్‌లో నగరంలోకి వచ్చే, పోయే బండ్లకు ఛార్జీ వేసి చూశారు. ఇది దూరం లెక్క కాదు, గీత దాటితే ఛార్జీ. ముందు ఎక్కువమంది వద్దన్నారు. ట్రాఫిక్ దాదాపు ఐదో వంతు తగ్గింది. రోడ్లు ఖాళీ అవడం కళ్లతో చూశాక సెప్టెంబరు రెఫరెండంలో నగర ఓటర్లలో సగానికి పైగా 'సరే' అన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. చాలామంది ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. మిగతాది కూడా చెప్పాలి. చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో విడిగా పెట్టిన ఓటింగుల్లో ఎక్కువచోట్ల 'వద్దు' గెలిచింది. లోపల ఉన్నవాళ్లకు ఖాళీ రోడ్డు, బయటి నుంచి వచ్చేవాళ్లకు బిల్లు. మన లెక్కలో చెప్పాలంటే బేగంపేటలో సొంతిల్లు ఉన్నవాళ్లు ఒకలా, మేడ్చల్ నుంచి రోజూ వచ్చేవాళ్లు ఇంకోలా ఓటేసినట్టు.

బ్రిటన్‌లో కథ అడ్డం తిరిగింది. దేశమంతటా దూరం లెక్కన రోడ్డు ఛార్జీ అనే ఆలోచన మీద 2007లో ప్రధాని కార్యాలయం వెబ్‌సైట్‌లో పిటిషన్ పెడితే దాదాపు 18 లక్షల మంది వద్దని సంతకం చేశారు. 2008లో మాంచెస్టర్ రెఫరెండంలో నూటికి 79 మంది కాదన్నారు. అక్కడ ముందు చూపించలేదు, ముందు అడిగారు. స్టాక్‌హోమ్‌లో ముందు చూపించారు, తర్వాత అడిగారు. అడిగే వరసలోనే సగం జవాబు ఉందేమో. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021లో ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరు పన్ను వేస్తే ఇద్దరు కారు యజమానులు కోర్టుకెక్కారు. అలాంటి పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదని 2023 అక్టోబరులో హైకోర్టు కొట్టేసింది. అక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది.

కిలోమీటరే బతుకుతెరువైనవాళ్లు

ఈ చర్చలో మనం ఎప్పుడూ మర్చిపోయేది క్యాబ్, బైక్ ట్యాక్సీ, డెలివరీ వాళ్లను. వాళ్లకు కిలోమీటరు అంటే పన్ను కాదు, జీతం. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' ప్రచారం చేసినప్పుడు గిగ్ వర్కర్ల యూనియన్ ఒక లెక్క బయటపెట్టింది. ఏసీ వేస్తే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయలు ఖర్చు, చేతికొచ్చేది 10 నుంచి 12. ఎండలో చెమటలు కక్కిన ప్యాసింజర్లు డ్రైవర్లను తిట్టారు గానీ, ఆ లెక్క తప్పని గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఊహించండి. డ్రైవర్ పికప్ కోసం ప్యారడైజ్ నుంచి బేగంపేటకు ఖాళీగా వస్తాడు. ట్రిప్పు అయ్యాక ఇంకో బుకింగ్ వచ్చేదాకా మళ్లీ ఖాళీ. యాప్ ఇచ్చేది ప్రధానంగా ప్యాసింజర్ కూర్చున్న కిలోమీటర్లకు. దూరం లెక్కన ప్రభుత్వం ఛార్జీ వేస్తే అది మాత్రం అన్ని కిలోమీటర్లకూ పడుతుంది. పది కిలోమీటర్ల ట్రిప్పుకు నాలుగు కిలోమీటర్లు ఖాళీగా తిరిగితే పద్నాలుగుకు కట్టాలి. ఆ తేడా ఎవరు భరించాలి? యాపా, ప్యాసింజరా, డ్రైవరా? సాయంత్రాలు బైక్ ట్యాక్సీ నడిపి హాస్టల్ ఫీజు కట్టుకునే డిగ్రీ విద్యార్థులు మన దగ్గర తక్కువేం లేరు. వాళ్లకు ఇది పేపర్లో వచ్చే టాపిక్ కాదు, జేబు. ఖాళీ కిలోమీటర్ల ప్రశ్నకు జవాబు లేని ఏ పథకాన్నీ నేను న్యాయమని ఒప్పుకోను.

మొదటి జీతం లెక్క

మూడున్నర లక్షల ప్యాకేజీ వచ్చిందనుకుందాం. చేతికి నెలకు పాతిక వేల చుట్టుపక్కల. ఉండేది బేగంపేటలో, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఒకవైపు ఇరవై కిలోమీటర్లు వేసుకోండి. రోజుకు నలభై, నెలకు ఇరవై రెండు రోజులు, మొత్తం 880. లీటరుకు 45 ఇచ్చే స్కూటర్ అయితే పెట్రోలుకే రెండు వేల వంద. అందులో పన్ను వెయ్యికి కాస్త తక్కువ. అంటే ఇప్పుడే మీరు కిలోమీటరుకు రూపాయి పైన కడుతున్నారు. పెట్రోలు పన్ను తీసేసి కిలోమీటరుకు రూపాయి పెడితే మీ జేబుకు పెద్ద తేడా రాదు. తీయకుండా పెడితే నెలకు 880 అదనం. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే ఇంట్లో ఛార్జింగ్‌కు రెండు మూడు వందల్లో అయిపోతుంది, దాని మీద రూపాయి ఛార్జీ అంటే ఖర్చు నాలుగైదు రెట్లు.

ఆఫీసుకు దగ్గర్లో గది తీసుకుంటే ఈ బాధ ఉండదు కదా అంటారు. ఆ దగ్గర్లో అద్దె ఎంతో అడగండి! అద్దె కట్టలేకే దూరంగా ఉంటాం, దూరంగా ఉన్నందుకు ఎక్కువ కడతాం. దూరం లెక్క న్యాయమే అనేవాళ్లు ఇక్కడ ఒకసారి ఆగాలి. రాయదుర్గం దాకా మెట్రో ఉంది కాబట్టి బేగంపేటవాళ్లకు వేరే దారైనా ఉంది. అల్వాల్, కొంపల్లి వైపు వాళ్లకు అదీ లేదు. ప్యారడైజ్ నుంచి డెయిరీఫాం దాకా ఐదు కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, బేగంపేట ఎయిర్‌పోర్టు దగ్గర కొంత దూరం భూగర్భంలో వెళ్లేలా. అది పూర్తయితే ఆ వైపు ప్రయాణం మారుతుంది.

ఇందులో ఉద్యోగాలెక్కడ?

జనాభిప్రాయం తెలుసుకోవడమే ఒక పని. 'కిలోమీటరుకు రూపాయి పన్ను వేస్తే ఒప్పుకుంటారా?' అని అడగండి. తర్వాత ఇంకో పది మందిని 'పెట్రోలుపై పన్ను తీసేసి, దాని బదులు తిరిగినంతకే కట్టమంటే ఒప్పుకుంటారా?' అని అడగండి. రెండు జవాబులూ ఒకేలా రావు. పెట్రోలు బంకు దగ్గర అడిగితే ఒకటి, బేగంపేట మెట్రో మెట్ల దగ్గర అడిగితే ఇంకొకటి. ప్రశ్న ఎలా రాయాలి, ఎవరిని అడగాలి, ఎంతకు ఒప్పుకుంటారో ఎలా పట్టుకోవాలి అన్నదే ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఒక పేపరు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సోషియాలజీ చదివినవాళ్లకు కన్సల్టెన్సీల్లో సర్వే పనులు ఇక్కడే దొరుకుతాయి. సివిల్ చేసినవాళ్లు గేట్ రాసి వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట్ల ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేయొచ్చు. ఫాస్టాగ్ లావాదేవీల వెనక ఉన్నది ఎన్‌పీసీఐ నెట్‌వర్క్, బ్యాంకులు. వాటిలో పేమెంట్స్, ఫిర్యాదుల పరిష్కారం, ఫ్రాడ్ అనాలసిస్ విభాగాలకు మనుషులు కావాలి. మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమా ఉన్నవాళ్లకు రవాణా శాఖలో ఏఎంవీఐ పోస్టులు ఉండనే ఉన్నాయి, నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండాలి.

కెమెరా టోల్ వస్తే కంప్యూటర్ విజన్ వాళ్లకు మంచి పనే తగులుతుంది. మన దగ్గర ఏపీ, టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ, మూడు రకాల ప్లేట్లు ఒకే రోడ్డు మీద. వాటిలో కొన్ని వంకర అక్షరాలతో, కొన్ని దేవుడి పేరుతో, కొన్ని హీరో బొమ్మతో, కొన్ని బురదతో. సంక్రాంతి ముందు రోజు వర్షంలో వాటిని తప్పు లేకుండా చదివే ప్రోగ్రాం రాస్తే ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి ఎక్కువసేపు మాట్లాడక్కర్లేదు.

ఇంకో వైపు కూడా ఉంది. గేట్లు పోతే గేటు దగ్గర కూర్చునేవాళ్లు ఏమవుతారు? ప్లాజాల్లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్ల ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. ఫాస్టాగ్ లేని బండి 2025 నవంబరు 15 నుంచి నగదు ఇస్తే రెండింతలు, యూపీఐతో అయితే ఒకటింబావు వంతు కట్టాలని నిబంధన వచ్చింది. అంటే చిల్లర లెక్కపెట్టే పని ఇప్పటికే తగ్గిపోతోంది. వాళ్లలో కొందరికి కంట్రోల్ రూముల్లో కెమెరా చదవలేని ప్లేట్లను సరిచూసే పని దొరకొచ్చు. ఎంతమందికి దొరుకుతుందన్నది కొత్త కాంట్రాక్టుల్లో ఏం రాస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. టోల్ ప్లాజాలో పనిచేసే సీనియర్ మీకు తెలిసి ఉంటే, జీడీకి ముందు ఓ పది నిమిషాలు ఆ అన్నతో మాట్లాడి వెళ్లండి.